సోమవారం పొడవని ఎద్దు

మొన్న సూర్యాపేటలో ఒక ఎద్దు నా మాట తు.చ. తప్పకుండా విన్నది. దాంతో మా సింధు ప్రాజెక్టు మునిగినంత పనైంది.

సింధు మా చెల్లెలి కూతురు. కోదాడలో మా ఇంట్లోనే ఉండి, రోజూ బస్సులో సూర్యాపేట కాలేజీకి పోయి కంప్యూటర్లు చదువుతున్నది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు ఒక గేమ్ తయారు చేసింది. అందులో రెండు రాకాసి జంతువులు కొట్లాడతాయి. ఒకటి ఎద్దు, ఒకటి పొట్టేలు. ప్రతి దెబ్బకూ ముందు కంప్యూటర్ కొన్ని సంగతులు చూసుకుంటుందట. జంతువుకు బలముందా, నిద్రలో ఉందా, కాలు విరిగిందా. అన్నీ కుదిరితేనే దెబ్బ పడుతుంది. వాటిని కండిషన్లు అంటారని చెప్పింది.

ఎద్దు అనగానే నాకు చిలుకూరులో మా తాత కర్రెద్దు యాదికొచ్చింది. వాన పడి, పొలంలో పదును ఆరిపోతున్నా సరే, సోమవారం నాడు తాత దాని మెడ మీద కాడి పెట్టేవాడు కాదు. శివుని వాహనం, ఆ రోజు దానికి సెలవు. ఆ ముచ్చట చెప్పి, "నీ ఎద్దుకు గూడ సోమవారం పని చెప్పకు బిడ్డా" అన్నాను. సింధు నవ్వి, నా ముందరే ఆ కండిషన్ కూడా రాసేసింది. అది గురువారం. ఆదివారం దాకా ఎద్దు పొట్టేలును కుమ్ముతూనే ఉంది. ఇద్దరం ఆ సంగతే మరిచిపోయాం.

పరీక్షకు సోమ, మంగళవారాల్లో ఒకటి ఎంచుకోమన్నారట కాలేజీలో. మంగళవారం వద్దు, సోమవారమే మంచిదని చెప్పింది కూడా నేనే.

పదకొండింటికి ఫోనొచ్చింది. బయటి నుంచి వచ్చిన సారు ముందర ఎద్దు ఊరికే నిలబడ్డదట. పొట్టేలు మూడుసార్లు గుద్దినా కదల్లేదట. సారు పది నిమిషాలు టైమిచ్చి చాయ్ తాగడానికి పోయారట. ఆలోపు ఎద్దు పొడవకపోతే ప్రాజెక్టు ఫెయిల్.

"పెద్దమ్మా, గా సోమవారం లైను తీసెయ్యనా?"

తీసెయ్యమంటే అయిపోయేది. కానీ పంట పోతదన్నా తాత తియ్యని నియమం, నేనెట్ల తియ్యమంటాను? "అది మాత్రం తియ్యకు బిడ్డా" అన్నాను.

"మరేం చెయ్యమంటవ్? ఇయ్యాల సోమవారమని లాప్‌టాపే దానికి చెప్తున్నది."

"అయితే లాప్‌టాప్‌ల మంగళవారం పెట్టు."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. సింధు తారీఖు మార్చింది. సారు తిరిగొచ్చేసరికి ఎద్దు తల వంచి, ఒక్క పోటుకు పొట్టేలును పడగొట్టింది. పాసైనట్టు మెసేజ్ వచ్చింది.

ఆ సంతోషంలో డబ్బాలోంచి ఒక లడ్డు తీసి నోట్లో పెట్టుకున్నాను. సగం తిన్నాక మా తోడికోడలు నిమ్మళంగా అడిగింది, "అక్కా, ఇయ్యాల నీకు ఒక్కపొద్దు గదా?"

పెళ్లయిన నాటి నుంచి తప్పని సోమవారం ఉపవాసం. నమిలింది మింగి, "సింధు లాప్‌టాప్‌ల ఇయ్యాల మంగళవారం" అని చెప్పి, మిగిలిన సగం కూడా తిన్నాను.