ఇనుప తలుపు వెనుక కోడిపిల్లలు

కడప జిల్లాలోని పార్టీలన్నీ ఏకమై వచ్చినా మా ఈశ్వరమ్మవ్వ వేసిన గడియను తీయించలేవు. ఏనుగును తోలుకొచ్చినా తొండం నొప్పి పుట్టి వెనక్కి పోవాల్సిందే.

జమ్మలమడుగు పక్కన మా ఊరు. పార్టీల కక్షలు రగిలిన రోజుల్లో అవ్వ మరిదిని తెలిసిన గొంతే పేరు పెట్టి పిలిచింది. తలుపు తీసి బయటికి పోయినవాడు మళ్లీ లోపలికి రాలేదు. ఎవరైనా మీద పడితే ఇంట్లోవాళ్లు దాక్కునేందుకు తాత అప్పుడే వెనుక గదికి మందపాటి ఇనుప తలుపు పెట్టించాడు. తాత పోయాక అవ్వ గొర్రెలు అమ్మేసి, ఆ గదిలో నాటుకోడి పిల్లలను సాకుతోంది. అవి ఎదిగి ప్రొద్దుటూరు సంతకు పోతేనే మా పొయ్యి వెలుగుతుంది.

ఐటీఐ సగంలో వదిలేసిన నేను ఆ గదిలో వేడి చెప్పే వైర్‌లెస్ సెన్సార్ బిగించాను. నడవలో ఒక చిన్న పెట్టె పెట్టాను. బయటి ఇంటర్నెట్‌తో పనిలేదు. సెన్సార్ మాట విని ఆ పెట్టే పిల్లలకు వెచ్చదనమిచ్చే బల్బులు వెలిగిస్తుంది, వేడెక్కితే ఆర్పి ఫ్యాను తిప్పుతుంది. 'నీకంటే తెలివైంది' అని అవ్వ దాన్ని మెచ్చుకుంది కూడా.

ఎన్నికల ఫలితాల రోజు పొద్దున ముసురు పట్టింది, బల్బులు వెలిగాయి. మధ్యాహ్నానికి ఎండ మండిపోయింది. నేను అంగడి నుంచి వచ్చేసరికి గెలిచినవాళ్ల ఊరేగింపు మా వీధిలోకి తిరిగింది. వీధి తలుపు బిగించి ఉంది. ఫోన్ చూస్తే సెన్సార్ అందడం లేదు. టపాకాయల మోతకు అవ్వ ఇనుప తలుపు కూడా వేసేసింది! పెట్టె వైర్‌లెస్‌గా నడిపే బల్బుల స్విచ్చూ ఆ గదిలోదే. ఫోన్‌లో ఎంత నొక్కినా ఆ రేకు దాటి ఏదీ పోవడం లేదు. కరెంటు తీసేద్దామంటే మీటరు లోపలే.

"అవ్వా, తలుపు తీ! పిల్లలు చస్తాండాయి!"

"ఎవురది?"

"నేనే, ఓబులేసును!"

"ఓబులేసు మాదిరి గొంతు ఎవురైనా తీస్తారు. పోండప్పా."

"నీ మనవడినేనవ్వా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"నా మనవడు ఇంత మర్యాదగా మాట్లాడడు."

నాకు ఏడుపొచ్చింది. తలుపును గుద్దీ గుద్దీ చేతులు వాచాయి. చివరికి వీధంతా వినిపించేలా అరిచాను.

"బియ్యం డ్రమ్ములో నస్యం డబ్బీ దాచినావని అందరికీ చెప్తాండా!"

గడియ ఊడింది. "నోరు ముయ్యి, ఎదవా!"

ఇద్దరం లోపలికి పరుగెత్తాం. ఇనుప తలుపు తీయగానే సెగ ముఖాన కొట్టింది. పిల్లలు ముక్కులు తెరుచుకుని, రెక్కలు చాపి నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. అవ్వ వాటిని ఒళ్లోకి తీసుకుని వేలితో నీళ్లచుక్కలు పోసింది. కొన్ని మింగాయి. శానా వాటికి నీళ్లు ముక్కు పక్కనుంచి కారిపోయాయి. వాటిని అవ్వ ఒక్కొక్కటిగా గంపలోకి ఎత్తింది.

"సెన్సార్ మంచిదేనవ్వా," అన్నాను. "ఇంకమీద ఆ తలుపు తీసిపెట్టు, చాలు."

"తలుపేస్తే మూగబోయే సామాను ఈ ఊర్లో యాడ పనికొస్తాదిరా? ఈ తలుపుండబట్టే మీ నాయన బతికినాడు. నీదే పీకి పారేయ్."