గోడమీది పుర్రచేతి విద్వాంసుడు

నాది పుర్రచేతివాటం. అన్నం, రాత కుడిచేతికి మప్పడానికి మా అమ్మకు చాలా ఓపిక, నాకు చాలా మొట్టికాయలు ఖర్చయ్యాయి. అది పంతొమ్మిది వందల అరవయ్యేడో, అరవై ఎనిమిదో. నాన్న యూనివర్సిటీలో గుమాస్తా, మేముండేది క్యాంపస్ క్వార్టర్సులో. ఆ క్రిస్మస్‌కి మెట్టుగూడ చర్చిలో ఎవరో వయొలిన్ వాయించారు. అంతే, నాకు పిచ్చి పట్టుకుంది.

తార్నాకలో ఒక వయొలిన్ మాస్టారుండేవారు. క్యాంపస్ దాటి నడుచుకుంటూ వెళ్లేదాన్ని. మొదటిరోజే నేను తీగలమీద లాగే కమాను ఎడమచేత్తో పట్టుకోగానే ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఏంది బిడ్డా, గట్ల పడుతవు? చెయ్యి మార్చు."

మార్చాను. వయొలిన్ పిల్లిలా ఏడ్చింది, ఆ తర్వాత నేనూ ఏడ్చాను. నెల తిరిగినా అదే వరస. "చెయ్యి మారకుంటే రేపటి సంది రాకు" అనేశారు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

దిక్కుతోచక గోడవైపు చూశాను. అక్కడ మాస్టారు జుమ్మేరాత్ బజారు పాతసామాన్ల సంతలో కొనుక్కొచ్చిన పాత చిత్రపటం ఒకటి ఉండేది. తలపాగా, పొడుగు కోటుతో వయొలిన్ వాయిస్తున్న విద్వాంసుడు. ఆయనెవరో, ఆ బొమ్మ వేసిందెవరో ఎవరికీ తెలీదు. మాస్టారు మాత్రం దానికి దండం పెట్టందే కమాను ముట్టరు. నెలరోజులుగా చూస్తున్నా నాకప్పుడే కనపడింది, ఆ మహానుభావుడి కమానూ ఎడమచేతిలోనే ఉంది!

"మరి ఈయనో?" అన్నాను.

మాస్టారు లేచి, ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్లి పటాన్ని చూశారు. "రేపు మీ అమ్మను తోలుకొని రా" అన్నారు చివరికి.

అమ్మ వచ్చింది. క్వార్టర్సులో సగంమంది చొక్కాలు కుట్టేది ఆవిడే. నా తరఫున మాట్లాడుతుందని ధీమాగా ఉన్నాను.

"ఇదేంటి మాస్టారూ, కోటు పైజేబు కుడివైపుంది? మగాళ్లకి ఎడమవైపు కదండీ ఉండేది! వేసినాయన అద్దంలో చూసి వేసినట్టున్నాడు" అంది. కన్నతల్లే!

మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూసినవా? ఆయన వాయించింది కుడిచేత్తోనే. పెయింటర్ తప్పు జేసిండు."

ఒళ్లు మండింది. వయొలిన్ ఇక దక్కదన్న భయంతో ఏడుపూ వచ్చింది.

"తప్పయితే రోజూ దండం ఎందుకు పెడుతున్నారు మాస్టారూ? ఆయన ఎడమచేత్తో వాయిస్తే గోడకెక్కించుకుంటారు, నేను వాయిస్తే ఇంట్లోకే రానివ్వరా?"

అమ్మ మొట్టబోయింది. మాస్టారు వద్దని చెయ్యెత్తి, పటంవైపు చూశారు. తర్వాత నా వయొలిన్ ఒళ్లో పెట్టుకుని, తీగలు విప్పి, ఎడమచేతికి వీలుగా అటువి ఇటు, ఇటువి అటు బిగించడం మొదలుపెట్టారు.

"కూసో" అన్నారు. "చెయ్యి తప్పితే తప్పింది. తాళం తప్పొద్దు."