సర్వే స్తంభానికి కట్టిన ఎర్ర పోగు

నడక సంఘం తన సభాభవనం గోడకు ఒక ఫోటో వేలాడదీసింది. దాని కింద "పొదల్లో మరుగునపడిన సర్వే స్తంభాన్ని తొలిసారి గుర్తించినవారు: అపర్ణ" అని రాయించింది. గుర్తించింది అపర్ణ కాదు. నీలం నగర్‌లో మరమగ్గాలకు కండెలు చుట్టే చంద్రభాగ.

వారమంతా మగ్గాల మోతలో గొంతు చించుకుని మాట్లాడే మనిషికి సెలవునాడు నిశ్శబ్దం కావాలి. చంద్రభాగ బస్సెక్కి కుంభారి ఊరు దాటి, అక్కడివాళ్ళు టేకిడి అనే గుట్ట కనబడితే చాలు, ఎక్కేది. ఒక టేకిడి నెత్తిన సున్నం రాలిన రాతి స్తంభం కనిపించింది. పూర్వం భూమిని కొలిచినవారు ఒక గుట్ట మీది స్తంభం దగ్గర నిలబడి మరో గుట్ట మీది స్తంభాన్ని చూసి లెక్క కట్టేవారని అక్కడి గొర్రెలకాపరి చెప్పాడు. అంటే దీనికి చూపు అందే దూరంలో ఒక తోడు ఉండాలి. ఆ తోడును వెతకకుండా ఆమె ఉండలేకపోయింది. అది దొరికితే దాని తోడును.

దొరికిన ప్రతి స్తంభానికీ ఒక ఎర్ర పోగు కట్టేది. నిలువు పోగుల పడుగు అయిపోయినా సాలెవారు మగ్గం మీది పాత పోగుల కొసలను తెంపరు. కొత్త పడుగును వాటికే అతుకుతారు. కొసలు లేని మగ్గం నేత ఆగిపోయిన మగ్గం. తన వెతుకులాట ఆగలేదని చంద్రభాగ ఆ పోగుతో చెప్పుకునేది.

"మంది గుళ్ళె దారం కడ్తరు, నువ్వు రాయికి కడ్తున్నవ్. ఏం మొక్కుకున్నవే?" అనేవాడు భర్త విఠల్.

"నీ నోరు మూతవడాలని. ఇంకా ఫలించలే."

అపర్ణ ఒకప్పుడు ఆమె పక్క మిషన్ మీదే కండెలు చుట్టింది. తర్వాత జౌళి వ్యాపారుల ఇంటి కోడలై కలవారుండే హోట్గి రోడ్‌కు మారింది. అది చంద్రభాగకు ఏనాడూ మింగుడుపడలేదు. అపర్ణ బూట్లు చూసినా, నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకున్న ఆ గొంతు విన్నా కడుపు మండేది. అయినా "అక్కా, నన్ను గూడ తీస్కపో" అని అడిగితే కాదనలేదు. స్నేహం కొద్దీ తీసుకుపోలేదు. తనకు ఉండి అపర్ణకు లేనిది లోకంలో ఒక్కటైనా ఉందని చూపడానికి తీసుకుపోయింది.

ఆ రోజు ఒక కొత్త టేకిడి మీద చంద్రభాగ చేతులు గీరుకుపోతున్నా ముళ్ళకంప లాగి పారేసి, స్తంభాన్ని బయటపెట్టి, పోగు కట్టింది. అపర్ణ తన ఫోను ఆమె చేతికిచ్చి స్తంభం పక్కన నిలబడింది.

"జర మంచిగ తియ్యి అక్కా. నీ నీడ నా మీద పడ్తున్నది, పక్కకు జరుగు."

చంద్రభాగ పక్కకు జరిగింది. ఫోటో తీసింది.

ఆ ఫోటోను అపర్ణ నడక సంఘానికి ఇచ్చింది. అది గోడకెక్కిన సంగతి తోటి కార్మికురాలు రాజమ్మ మోసుకొచ్చింది. "ఏమే చంద్రా, నీ రాయి అపర్ణకు అత్తారింటి సొమ్మయిందట గదా!"

చంద్రభాగ సభాభవనానికి పోలేదు. నేరుగా టేకిడి ఎక్కింది. "నా పోగు దాని రాయికి సింగారమా?" అని ముడి పీకి, పోగును తుంపి గాలికి వదిలేసింది. కడుపు చల్లబడ్డాక సంఘం పెద్ద గంగాధర్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. గుర్తేమిటని ఆయన అడిగాడు.

"ఎర్ర పోగు కట్టిన," అన్న తర్వాత గాని తాను చేసిన పని ఆమెకు తట్టలేదు.

సంఘం మనుషులు వెళ్ళి చూసి పోగు లేదన్నారు. చంద్రభాగను మళ్ళీ సభాభవనానికి పిలిచినప్పుడు అపర్ణ కూడా అక్కడే ఉంది. "అక్కకు నా మీద మొదటి నుంచి కుళ్ళు," అంది. అది నిజం. అందుకే చంద్రభాగ వెళ్ళిపోవడానికి లేచింది. వాకిలి దాకా పోయి వెనుదిరిగి గోడ వైపు చూసింది.

"ఆగుర్రి! అగో, ఫోటోల అపర్ణ మోచేతి కాడ ఎర్రగ, అదేంది?"

"కెమెరా మచ్చ అయ్యుంటది తాయీ," అన్నాడు గంగాధర్, కుర్చీలోంచి లేవకుండానే.

"అతకాల్సిన పోగును తెంపుకున్నవ్, సాలెదానివేనా నువ్వు?" అన్నాడు ఇంటి దగ్గర విఠల్. ఈసారి నవ్వలేదు. ఆ ఫోటోలోంచి అపర్ణ ముఖాన్ని కత్తిరించాలని చంద్రభాగకు నేటికీ ఉంది.

సంఘం పెద్దలారా, అసూయపడటం నేరం కాదు. అసూయపడిన మనిషి సాక్ష్యం చెల్లదని ఏ చట్టమూ చెప్పదు. కుర్చీల్లోంచి లేవండి. మీ గోడ మీది ఫోటోను దగ్గరికి వెళ్ళి చూడండి. ఆ ముడి ఎవరు వేశారో, ఆ ఫోటో ఎవరు తీశారో అపర్ణను ఎదుట నిలబెట్టి అడగండి. తర్వాత ఆ రాత చెరిపి చంద్రభాగ పేరు రాయండి. ఆమె మరోసారి మీ వాకిట నిలబడదు. రాసిన సంగతి మీరే నీలం నగర్‌కు వచ్చి, మగ్గాలు ఆడుతుండగా, ఆమెకు వినబడేట్టు గొంతెత్తి చెప్పండి.