ఏరుకు చూపించిన దుప్పట్లు

మా లోయలో తెల్లబట్ట కట్టినవాడు కనబడితే, ఎవరో పైనుంచి దిగినవాడని అర్థం. మేమంతా ఇటుకరంగు మనుషులం. గని కడుపులోని నీరు ఏట్లో కలిసేది. చూడ్డానికి తేటగానే ఉండేది గానీ, అందులో జాడించిన బట్ట ఆరేసరికి తుప్పు మరకలు తేలేవి. అందుకే కొత్తబట్ట కొన్నవాళ్లు ముందుగా దాన్ని ఏట్లో ముంచి, పైన రాళ్లు పెట్టి నాననిచ్చేవారు. ఎలాగూ పట్టే రంగు ఒకేసారి సమంగా పడుతుందని లెక్క. దాన్ని మేం ‘ఏరుకు చూపించడం’ అనేవాళ్లం. పెళ్లిబట్టలైనా సరే, ఏరుకు చూపించకుండా కట్టిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ విద్యలో తుప్పు పెద్దమ్మను మించినవాళ్లు లేరు. ఆమె గని కంపెనీ లాండ్రీలో పనివాళ్ల బట్టలు ఉతికేది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఆమె మాత్రం ఏమీ అనుకునేది కాదు. “తుప్పు పట్టినా ఇనుమే కదరా, నీలాగా రేకు డబ్బా కాదుగా” అనేసి పోయేది. భర్త గనిలో పంపు నడిపేవాడు. చాలాకాలం దగ్గి దగ్గి, ఒక వానాకాలంలో పోయాడు.

ఏం జరిగినా మాకు ఏటి మీదే కోపం. గట్టున గడ్డి మొలవకపోయినా, పిల్లల ఒంటిమీద దద్దుర్లు లేచినా, తప్పు ఏటిదే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మా పెద్దలు చెడ్డ అల్లుళ్ల గురించి కాదు, ఏటి గురించి అనేవారు.

తర్వాత గని మూతబడింది. గని చుట్టూ, ఏటి పొడవునా కంచె వేశారు. యంత్రాలు వచ్చి బురద తోడాయి, సున్నం పోశాయి. మడుగులు కట్టి, వాటిలో రెల్లు నాటారు. కంచె తీసేసరికి మా పిల్లలకు పిల్లలు పుట్టారు. తవ్వి వదిలేసిన గొయ్యి సరస్సై పడవలు తిరుగుతున్నాయి. ఖనిజం మోసిన పట్టాల దారి సైకిళ్ల బాట అయింది. ఎక్కడివో నీటికోళ్లు వచ్చి, ఎవరినీ అడక్కుండా కాపురం పెట్టాయి. మేం మాత్రం కుళాయిలకు అలవాటు పడి ఏటివైపు పోవడమే మానేశాం.

గని ఆఫీసును అతిథిగృహం చేశాక, పెద్దమ్మ కోడలు అందులో వంటమనిషిగా చేరింది. లాండ్రీ పనికి అత్తగారి పేరు చెప్పింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే తన వంటకు వంకలు పెడుతుందన్న బాధ కూడా ఉంది లెండి.

మేనేజరు సందేహించాడు. “పెద్దావిడ కదమ్మా, చెయ్యగలదా? దుప్పటి మీద చుక్క మచ్చ కనబడినా వచ్చినవాళ్లు ఊరుకోరు.”

“మా అత్తయ్య చేతిలో పడ్డ గుడ్డకి ఢోకా లేదండీ. తేడా వస్తే నన్ను కూడా పంపించెయ్యండి.”

గుమ్మం పక్కన నిలబడి పెద్దమ్మ ఈ మాట విన్నది. కోడలు తన కోసం అంత మాట ఇస్తుందని ఆమె అనుకోలేదు. పైకి మాత్రం “ఎందుకే అంత గొప్పలు” అని విసుక్కుంది.

అతిథులు దిగేందుకు ఒక రోజుందనగా కొత్త దుప్పట్లు వచ్చాయి, అన్నీ తెల్లవి. ఒకసారి ఉతికి పరవమన్నాడు మేనేజరు. వాటిని చూడగానే పెద్దమ్మకు పాత భయం పట్టుకుంది, కుళాయిల సంగతే గుర్తుకు రాలేదు. ఇవి ఇలాగే పరిస్తే నాలుగు ఉతుకులకే మచ్చలు తేలతాయి, కోడలి మాట పోతుంది. వాషింగ్ మెషిన్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా, దుప్పట్లన్నీ తోపుడుబండి మీద వేసుకుని ఏటికి పోయింది.

మధ్యాహ్నం కోడలు వచ్చి చూస్తే లాండ్రీ గది ఖాళీ. వెతుక్కుంటూ ఏటి గట్టుకు పరిగెత్తింది.

“అత్తయ్యా! దుప్పట్లేవీ?”

“ఏరుకు చూపిస్తున్నా.”

కోడలు నెత్తి కొట్టుకుంది. “ఎవరు చూపించమన్నారు? ఆయనకి తెల్లగానే కావాలి!”

“ఈ లోయలో తెలుపు నిలుస్తుందిటే?”

“అవి కుళాయి నీళ్లతో ఉతికేవి అత్తయ్యా! రేపు జనం దిగుతున్నారు. ఇద్దరి ఉద్యోగాలూ తెచ్చి ఏట్లో కలిపేశారు కదా!”

ఇద్దరూ మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, దుప్పట్లు లాగి పిండారు.

“తెల్లగానే ఉన్నాయిగా?” అంది కోడలు ఆశగా.

“తడి మీద ఏం తెలుస్తుంది? ఆరితేగానీ బయటపడదు.”

అతిథిగృహం వెనక తీగల మీద ఆరేసి, కింద కూలబడ్డారు. ముందు కొసలు ఆరాయి. పెద్దమ్మ లేచి ఒక కొసను కంటి దగ్గర పెట్టుకుంది. తన చూపు మీద నమ్మకం చాలక కోడలికి చూపించింది. తెలుపే. నడిమి భాగం ఆరింది, అదీ తెలుపే. తుప్పు ముందుగా చేరేది కుట్ల లోపల, వాటిని వేళ్లతో విడదీసి చూసింది. అప్పటికీ నమ్మలేక గుడ్డను నాలుకకు తాకించింది. ఇనుము రుచి లేదు.

కోడలికి ప్రాణం లేచి వచ్చింది. నవ్వుతూ దుప్పట్లు మడతపెట్టి లోపల ఇచ్చి వచ్చేసరికి అత్తగారు లేదు. మళ్లీ ఏటి గట్టునే దొరికింది. నీళ్లలో చెయ్యి పెట్టి కూర్చుని ఉంది. ఏడుస్తోంది.

“ఏంటత్తయ్యా ఇది? మన పని నిలబడింది కదా!”

“ఇది ఇలా కూడా పారగలదటే,” అంది పెద్దమ్మ. “మీ మావయ్య పోయిననాడు ఇక్కడే నిలబడి, నా ఇల్లు ముంచావని దీని మీద దుమ్మెత్తి పోశాను. మర్నాడు గని ఆఫీసుకి పోయి, నన్ను పనిలోంచి తియ్యనందుకు వాళ్లకి దణ్ణం పెట్టొచ్చానే.”