మా సందులో పొయ్యి గుంట

మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమె జనగామ మున్సిపాలిటీలో ఒక్కసారి కౌన్సిలరుగా పనిచేసింది. పదవిలో ఉన్నన్నాళ్ళూ ఆమె అడిగింది ఒక్కటే, మా సందుకు సిమెంటు రోడ్డు.

మాది రైలు పట్టాల అవతలి వాడ. అంతా నల్లరేగడి. వాన పడితే కాలు ఒకచోట, చెప్పు ఒకచోట. మిగతా రోజుల్లో ఎలాగో ఓర్చుకునేవాళ్ళు కానీ, బతుకమ్మ పండుగ వచ్చేసరికి మా ఆడవాళ్ళ కడుపు మండేది. వానలు ఇంకా పూర్తిగా పోకముందే పండుగ వచ్చేస్తుంది. మా సందులో బతుకమ్మ దించడానికి జానెడు పొడినేల ఉండేది కాదు. తాంబాళాల్లో పేర్చిన పూలను నెత్తిన పెట్టుకుని పక్క వాడకు పోయి, అక్కడి రోడ్డు చివర ఆడేవాళ్ళు. ఆ వాడవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. "జర గా పక్కకు జరుగుండ్రి అక్కా, మావోళ్ళు ఇంకా వస్తున్రు" అనేవాళ్ళు, అంతే. అవ్వ నవ్వుతూ జరిగేది. ఇంటికొచ్చి కాళ్ళ బురద కడుక్కుంటూ మాత్రం, "మన బతుకమ్మ మనింటి ముంగట ఆడే రోజు వస్తదా బిడ్డా" అనేది. చిల్పూరు గుట్ట మీది దేవుడికి కూడా ఈ మొక్కే మొక్కింది. దేవుడికి మున్సిపాలిటీతో ఏం పని అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఒకసారి మున్సిపాలిటీ ఎన్నికల్లో మా వార్డును ఆడవాళ్ళకు కేటాయించారు. నాయిన అవ్వ పేరుతో నామినేషన్ వేయించాడు. గెలిచాక మీటింగులకు తానే పోవచ్చని తెల్ల చొక్కాలు కూడా కుట్టించుకున్నాడు. మొదటి మీటింగు రోజు అవ్వ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఓట్లడిగింది నేను. నువ్వు బర్రెకు గడ్డెయ్యి" అని చెప్పి పోయింది. ఆ చొక్కాలు తర్వాత పెళ్ళిళ్ళకు పనికొచ్చాయి.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అవ్వ సాయంత్రం ఇంటికొచ్చి మీటింగు మొత్తం నాకు నటించి చూపించేది. బజారు రోడ్డు మధ్యలో దీపాలు పెట్టాలని ఒకరు, ముందు మోరీల్లో మురుగు తీయాలని ఇంకొకరు, మధ్యలో చాయ్ తెచ్చే మనిషి. అందరూ అరిచి అలిసిపోయాక అవ్వ లేచేదట. "గవన్ని సరే గని, మా బురద సంగతేంది?" హాలంతా నవ్వేదట. కొన్నాళ్ళకు ఆమెకు బురదక్క అని పేరు పడింది. ఆ పేరు చెబుతూ తానే పడీపడీ నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

చైర్మన్ మాట ఒకటే. "మీ వాడోళ్ళు ఇంటి పన్ను కట్టరు. రోడ్డుకు పైసలు యాడికెల్లి తేవాలె?" అవ్వ ఇల్లిల్లూ తిరిగి పన్ను కట్టమంటే, వాళ్ళది ఇంకో మాట. "ముందుగాల రోడ్డెయ్యమను, గప్పుడు కడ్తం." పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఆఖరికి అవ్వ ఆడవాళ్ళను పట్టుకుంది. "పండుగ నాడు పక్క వాడల జరుగుడు ఇష్టమున్నోళ్ళు కట్టకుండ్రి" అంది. ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఒక్కొక్క ఇల్లే కట్టింది. పదవి ముగిసే ఏడు రోడ్డు మంజూరైంది.

అప్పటికి ఊరంతా తెలంగాణ ఉద్యమమే. కాలేజీలు బంద్. చౌరస్తాలో దీక్షల టెంటు. నాయిన తిండి తప్ప మిగతా అన్నిటికీ అక్కడే ఉండేవాడు. మా సందులో మాత్రం అవ్వ ఉద్యమం వేరు. రోడ్డు వేసి, సిమెంటు గట్టిపడాలని దాని మీద మట్టి గట్లు కట్టి నీళ్ళు నింపితే, ఆమె కట్టె పట్టుకుని మేకలను, సైకిళ్ళను అదిలిస్తూ గుమ్మంలో కూర్చునేది. "ఇంకా పచ్చిగున్నది, నిప్పు తగలనియ్యకుండ్రి, పగుల్తది" అని మేస్త్రీ చెప్పి పోయాడు.

అలాంటి సమయంలోనే వంటావార్పుకు పిలుపు వచ్చింది. ఊళ్ళో జనమంతా రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని, బండ్లు ఆపాలి. మా వాడకు పెద్ద రోడ్డు మీద చోటు చూపించారు. ఆడవాళ్ళంతా మా గుమ్మం ముందుకు వచ్చారు. "మనకు రోడ్డు ఉండంగ ఇంకోళ్ళ రోడ్డు మీదికి ఎందుకు పోవాలె? గీడనే వండుదాం." నాయిన నెత్తి కొట్టుకున్నాడు. "ఈ సందులకు బస్సు గాదు, ఆటో సుత రాదు. ఎవల్ని ఆపుతరే మీరు?" ఎవరూ వినలేదు. అందరూ అవ్వ మొహం చూస్తున్నారు.

అవ్వ కట్టె పట్టుకుని కాపాడుకున్న రోడ్డు అది. ఆమె మొహం చూస్తే నాకే వద్దనాలనిపించింది. తర్వాత లేచి, ఇంటి వెనక నుంచి మూడు పెద్ద రాళ్ళు మోయించి, రోడ్డు నడిమధ్య పెట్టించింది. "పగిలితే మల్ల అడుగుత. నోరు ఎట్లాగు అలవాటైంది" అని తన చేత్తోనే పొయ్యి అంటించింది.

ఎదురింటి దర్జీ భార్యను మేమంతా ఖాలా అనేవాళ్ళం, ఉర్దూలో పిన్ని అని. ఆమె బగారా అన్నం వండింది. కాసేపటికి పొయ్యి కింద సిమెంటు టప్పుటప్పుమని పెచ్చులు లేచింది. పేలినప్పుడల్లా పిల్లలు కేకలు వేశారు. అవ్వ మాత్రం గరిటె పట్టుకుని అటువైపు చూడలేదు. దారి తప్పినట్టు వచ్చిన పోలీసాయన ఇటూ అటూ చూసి, "గీడ ఏం ఆపుతున్రమ్మా?" అన్నాడు. "నిన్నే ఆపినం, కూసో" అని ఖాలా విస్తరి వేసింది. ఆయన తిని, చేయి కడుక్కుని పోయాడు. మా సందులో ఆగిన వాహనం ఆయన మోటారు సైకిలొక్కటే.

రోడ్డు మధ్యలో నల్లటి గుంట మిగిలింది. తర్వాతి మీటింగులో చైర్మన్ మండిపడ్డాడట. "ఊరి పైసలతోని రోడ్డేస్తే నిప్పు పెట్టుకున్రు. రిపేరుకు రూపాయి ఇయ్యం." హాలంతా నవ్వడానికి సిద్ధంగా ఉంది. "రిపేరు ఎవలడిగిన్రు?" అని అవ్వ కూర్చుందట. ఆమెకు అదే ఆఖరి మీటింగు, పదవి ముగిసింది.

ఆ ఏడు బతుకమ్మ మా సందులో ఆడారు. అవ్వ తన తాంబాళాన్ని ఆ గుంటలో దించింది. కొలిచి తవ్వినట్టు కదలకుండా కూర్చుంది. మిగతా బతుకమ్మలను దాని చుట్టూ పెట్టారు. అవ్వను జరగమన్నవాళ్ళు లేరు. ఆ రాత్రి ఆమె నవ్విన నవ్వు మళ్ళీ ఒక్కసారి చూడాలని ఉంటుంది నాకు.

నన్ను మానుకోటకు ఇచ్చారు. మహబూబాబాద్‌ను మేము అలాగే అంటాం. రాష్ట్రం వచ్చింది. ప్రతి పండుగకూ రైలెక్కి వచ్చేదాన్ని. అవ్వ తాంబాళం అదే గుంటలో ఉండేది. ఆమె పోయాక అక్కడ నేను పెట్టాను. మొన్న పండుగకు వచ్చేసరికి పాత రోడ్డు మీద కొత్త రోడ్డు వేశారు. ఎవరూ అడగకుండానే వేశారట. నున్నగా ఉంది, నీళ్ళు మోరీలోకి పోయేట్టు వాలుగా కూడా ఉంది. అవ్వ చూస్తే మురిసిపోయేది. నాకేమో ఏడుపొచ్చింది.

ఆడవాళ్ళు బతుకమ్మలు చేతుల్లో పట్టుకుని, ఎక్కడ దించాలో తెలియక నిలబడ్డారు. ముసలిదైపోయిన ఖాలా గుమ్మంలో నుంచే చేయి చూపించింది. "గీడ బేటీ, మా గుమ్మానికి ఎదురుంగ. మీ అమ్మ పొయ్యి గీడనే ఉండె."

అక్కడే దించాను. తాంబాళం నిలవలేదు, వాలుకు జారింది. మళ్ళీ పెడితే మళ్ళీ జారింది. రాయి పెడదామని ఎవరో అన్నారు. నేను వద్దని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాను. వాళ్ళు నా చుట్టూ ఆడారు.