ముల్లు యాభై మీదికి వచ్చాక

పోయిన ఏడాది ఉగాది దాటిన తర్వాత మొదటి మంగళవారం, సాయంత్రం అయిదుంబావుకు నా కొడుకు సైదులు కోదాడ అవతల ఒక పాత క్వారీ గుంతలో నుంచి పైకి వచ్చాడు. టైము నాకు ఎట్లా తెలుసంటే, పంచనామాకు వచ్చిన కానిస్టేబుల్ ఫోన్ చూసి అందరికీ వినబడేటట్టు చెప్పాడు. వాడు పైకి తెచ్చిన శవం ఎప్పుడు దొరికిందో రాసుకోవాలి కదా. నా కొడుకు జబ్బు మొదలైన టైము కూడా అదే. దాన్ని మాత్రం ఎవరూ రాసుకోలేదు.

మాది సూర్యాపేట దగ్గర ఆత్మకూర్ (ఎస్) వైపు. గొర్లు కాసి బతికినదాన్ని. నేను అక్షరాలు నేర్చుకున్నది మనుమరాలు బడికి పోవడం మొదలుపెట్టాకే. అందుకని తిప్పి రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సైదులు చిన్నప్పటి నుంచి బావుల్లో చేపలాగా ఈదేవాడు. ఊళ్లో ఎవరి మోటారు బావిలో పడ్డా వాడినే పిలిచేవాళ్లు. తర్వాత విశాఖపట్నం పోయి, సిలిండర్ కట్టుకొని మునిగే పని నేర్చుకున్నాడు. మిర్యాలగూడలో ఇల్లు కిరాయికి తీసుకొని భార్య నాగమణితో, బిడ్డతో ఉండేవాడు. లిఫ్టు పంపులకు అడ్డం పడిన చెత్త తీయడం, డ్యాము గేట్ల కింద పగుళ్లు చూడడం వాడి పని. ఒడ్డున తాడు పట్టుకొని ఉండేది వాడి దోస్తు జానీ.

ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, సిలిండర్‌లో గాలి ఎంత ఉందో చెప్పే మీటర్ చూపించాడు. గడియారంలా గుండ్రంగా ఉంది, లోపల ఒక ముల్లు.

"నిండుగ ఉంటే రెండు వందల బార్ చూపిస్తదమ్మా. యాభై చూపిచ్చేటాల్లకు నేను నీళ్ల మీద ఉండాలె."

"మరి ఆ యాభై? నింపిచ్చుకొని పోయి మిగులుసుకొని వచ్చుడేందిరా?"

వాడు నవ్వాడు. "నువ్వు పొద్దుండంగనే మందను ఎందుకు మలుపుతవ్? పొద్దు గుంకేదాంక మేపొచ్చు గద!"

"సీకట్ల దొడ్డికి ఎట్ల తోలుకొస్తర్రా?"

"గంతే ఇది. బిరబిర మీదికి రావొద్దు. మెల్లగ రావాలె. ఇంక మూడు నిలువుల లోతు ఉందనంగ కాసేపు ఆగాలె. లోపల ఉన్నంతసేపు ఒంట్ల చేరిన గ్యాస్ మెల్లగ పోవాలె. ఆగాలంటే గాలి కావాలె గదా. ఆ యాభై గందుకే."

నాకు అప్పుడే అర్థమైంది. మంద కాసినదానికి అది అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది?

ఆ మంగళవారం పొద్దున నా చెల్లెలు వీరమ్మ కొడుకు లింగయ్య గొర్లను కడగడానికి క్వారీ గుంతకు తోలుకపోయాడు. వీరమ్మను ఇచ్చింది కోదాడ దగ్గరి ఊరికి. ఒక గొర్రె జారి లోతులోకి పోయింది. దాన్ని పట్టబోయి లింగయ్య పోయాడు. గొర్రె ఈదుకుంటూ ఒడ్డెక్కింది. వాడు ఎక్కలేదు.

సైదులు, జానీ మిర్యాలగూడ నుంచి రెండు సిలిండర్లు వేసుకొని వచ్చారు. నాగమణి కూడా వచ్చింది. నేను ఆత్మకూర్ నుంచి పోయాను.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి నీళ్లలో పోతే, శవం ఒడ్డు చేరేదాకా సొంతవాళ్లు అన్నం ముట్టరు, నీళ్లు కూడా ముట్టరు. వాడు నీళ్లలో ఉండగా మనం నీళ్లు తాగొద్దంటారు. ఎవరు పెట్టారో తెలియదు. అందరం పాటిస్తాం.

మొదటిసారి దిగి సైదులు ఉత్త చేతులతో వచ్చాడు. "ముల్లు చూసుకొని మళ్లిన. అడుగున అంతా రాళ్లు, తీగలు. కండ్లకు ఏం ఆనుతలేదు" అన్నాడు. ఒంటికి అతుక్కున్న రబ్బరు సూటుతో ఎండలో కూర్చున్నాడు. చెమటలు కారుతున్నాయి. నేను నీళ్ల సీసా తీసుకపోయాను. మా కులపెద్ద గురవయ్య అడ్డం వచ్చాడు.

"ఏందొదినే, పీనుగు నీళ్లల్ల ఉండంగ తాపుతవా? వానికి తమ్ముడే గద."

"నీళ్లల్ల దిగేటోడు, జర గొంతు తడుపుకోనీయవయ్యా."

సైదులే సీసా నా చేతిలో పెట్టాడు. "తర్వాతనే అమ్మా. తమ్ముడు దొరికినంక తాగుత."

పొద్దు వాలుతోంది. వీరమ్మ వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకుంది. "సైదులూ, ఇంకొక్కసారి చూడు నాయనా. చీకటి పడితే పోస్టుమార్టం రేపటికి పోద్దంట. నా బిడ్డ రాత్రంతా నీళ్లల్లోనే ఉంటాడా?"

వాడు రెండో సిలిండర్ కట్టుకున్నాడు.

చాలాసేపటికి జానీ తాడును రెండుసార్లు గుంజాడు. రమ్మని దాని అర్థం. కింద నుంచి ఒక్క గుంజు వచ్చింది. ఆగమని దాని అర్థం. జానీ ముఖం మారిపోయింది. "వీని గాలి అయిపోతది, వీని గాలి అయిపోతది" అని తనలో తనే అనుకుంటున్నాడు. ఇంతలో నీళ్లు పగిలినట్టయి ఇద్దరూ ఒక్కసారే పైకి వచ్చారు. లింగయ్య చంకల కింద సైదులు చేయి ఉంది. జానీ ముందు మీటర్ చూశాడు, తర్వాతనే మనిషిని చూశాడు. ముల్లు సున్నాకు ఆనింది.

వీరమ్మ ఏడుపులో వాడిని ఎవరూ పట్టించుకోలేదు. వాడు రాయి మీద కూర్చొని "భుజం గుంజుతుందమ్మా" అన్నాడు. మోసిన నొప్పి అనుకున్నాం. అప్పుడు తాగాడు నీళ్లు. సీసా ఖాళీ చేసి లేవబోతే కాళ్లకు చీమలు పాకినట్టుందన్నాడు. ఆటోలో కోదాడ చేరేసరికి మోకాళ్ల కింద గిల్లినా తెలియలేదు.

కోదాడ దవాఖానాలో డాక్టర్ "ఏం పని చేశాడు?" అని అడిగాడు. "శవాన్ని మోసిండు సారూ, పొద్దటి నుంచి ఏం తినలే" అన్నాడు గురవయ్య. నిజమే చెప్పాడు, సగం. సిలిండర్ మాట ఎవరి నోటా రాలేదు. తెలిసిన జానీ ఒడ్డున పోలీసుల దగ్గర ఉండిపోయాడు. "ఎండదెబ్బ, వీక్‌నెస్" అని సెలైన్ పెట్టారు.

తెల్లారేసరికి కాలి వేళ్లు కదలలేదు. మూత్రం రాలేదు. సూర్యాపేటకు తీసుకపోయాం. ఎంఆర్ఐ తీసి, "స్పైనల్ కార్డ్‌లో వాపు ఉంది. వైరస్ వచ్చి తగ్గాక కొందరికి ఇట్లా వస్తుంది" అని స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం జానీ వచ్చాడు. మంచం మీద వాడిని చూసి, విశాఖలో పని నేర్పిన మాస్టారుకు ఫోన్ కలిపి, నేరుగా డాక్టర్ చెవికి పెట్టాడు. డాక్టర్ చాలాసేపు విన్నాడు. బయటికి వచ్చి, "అమ్మా, ఇది డీకంప్రెషన్ సిక్‌నెస్. లోతు నుంచి తొందరగా వస్తే రక్తంలో, నరాల్లో బుడగలు కడతాయి. డైవింగ్ చేశాడని ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. మేం అడగనిది చెప్పలేదు, వాళ్లు తెలియనిది అడగలేదు. ఆక్సిజన్ మాస్క్ పెట్టి హైదరాబాద్ పంపించారు.

అక్కడ హైపర్‌బారిక్ చాంబర్ అని ఇనప డ్రమ్ములాంటి గది ఉంటుంది. మనిషిని లోపల పెట్టి గట్టిగా తలుపు బిగించి, లోతు నీళ్లలో ఉన్నట్టు గాలి ఒత్తిడి పెంచుతారు. "మీ అబ్బాయిని మళ్లీ లోతుకు దించి, ఈసారి మెల్లగా పైకి తెస్తున్నాం అనుకోండి" అన్నది డాక్టరమ్మ. ఆలస్యమైంది కాబట్టి ఎంత వస్తుందో చెప్పలేనన్నది. తర్వాత అడిగింది, "ఆ రోజు నీళ్లు ఎప్పుడు తాగాడు?"

"పొద్దుగాల చాయ్ తాగిండు మేడం, గంతే" అన్నది నాగమణి.

"ఎండలో ఆ సూటు వేసుకొని, నీళ్లు లేకుండా రెండుసార్లా! డీహైడ్రేషన్ ఉంటే ఇది ఇంకా ముదురుతుంది. అయినా శవానికి తొందరేముందమ్మా?"

"శవానికి లేదు మేడం. తల్లికి ఉంది" అన్నాను.



నాలుగైదుసార్లు చాంబర్‌లోకి పోయి వచ్చాక ఎడమ కాలి బొటనవేలు కదిలింది. నాగమణి వార్డంతా తిరిగి చెప్పింది. అప్పుడు అనుకున్నాం, ఇగ లేస్తాడని. వారం తిరగకముందే చలిజ్వరం వచ్చింది. మూత్రానికి పెట్టిన క్యాథెటర్ పైపు వల్ల ఇన్‌ఫెక్షన్. నడుము కింద బెడ్‌సోర్ పడింది. చాంబర్ ఆపేశారు. పుండు కడుగుతుంటే వాడికి నొప్పి తెలియలేదు. చూస్తున్న నాకే తెలిసింది.

మాస్టారు ఒకరోజు ఫోన్ చేసి నాతో మాట్లాడాడు. "నీళ్లలో జత మనిషి లేకుండా దిగడమే తప్పమ్మా. యాభై బార్ అంటే మిగిలిపోయిన గాలి కాదు, పైకి రావడానికి పక్కన పెట్టిన గాలి. అంత లోతయితే నేను మూడు భాగాలు చెయ్యమంటాను. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి ఏమన్నా అయితేనని. వాడికి అన్నీ తెలుసు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో మీటర్ మరిచిపోయినవాడు కాదు వాడు."

ఆ మాట సైదులుకు చెప్పాను. వాడు గోడ వైపు తిరిగి అన్నాడు. "మరిచిపోలేదమ్మా. చూసిన. ముల్లు యాభై మీదికి వచ్చింది. గప్పుడే లింగడి కాలు చేతికి దొరికింది. తీగల ఇరుక్కొని ఉంది. దొరికిన కాలు ఇడిసిపెట్టి ఎట్ల వస్తనే?"

 

ఇప్పుడు మిర్యాలగూడలోనే కింది అంతస్తు ఇంటికి మారారు. ఎడమ కాలి మీద బాగానే నిలబడతాడు. కుడి కాలు ఈడుస్తాడు. వాకర్ పట్టుకొని వీధి చివరి దాకా పోయి వస్తాడు. కుడి పాదానికి వేడి తెలియదు. ఒకసారి మసిలే నీళ్లు పడి బొబ్బలెక్కినా మేం చెబితేనే చూసుకున్నాడు. మూత్రానికి ఇప్పటికీ పైపు పెట్టుకోవాలి. ఫిజియోథెరపీ చేయించే ఆమె "ఉన్నది పోకుండా చూసుకుందాం" అంటుంది. అంతకు ముందు "ఇంకా వస్తుంది" అనేది. మాట మారింది. మేం కూడా అడగడం మానేశాం. నాగమణి రైస్ మిల్లులో పనికి పోతుంది.

వీరమ్మ నెలకోసారి కోదాడ నుంచి బస్సెక్కి వస్తుంది. మొదట్లో గడప దగ్గరే కూర్చునేది. ఇప్పుడు లోపలికి వచ్చి సైదులు కుడి పాదం ఒళ్లో పెట్టుకొని నూనె రాస్తుంది.

"తెలుస్తందా నాయనా?"

"తెలుస్తుంది చిన్నమ్మా."

వాడికి తెలియదు. తెలియదని దానికీ తెలుసు. అయినా ప్రతి నెలా అడుగుతుంది, వాడు ప్రతి నెలా అదే చెబుతాడు. నేను చాయ్ పెట్టే వంకతో వంటింట్లోకి పోతాను.

ఇది చదివేవాళ్లలో సిలిండర్ కట్టుకొని దిగేవాళ్లు ఎక్కువమంది ఉండరు. ఒడ్డున నిలబడేవాళ్లే ఉంటారు. కాలువలు, చెరువులు, గుంతలు ఉన్న ఊళ్లు మనవి. ఏదో ఒకరోజు మీరూ నిలబడతారు. నేను చెప్పేది ఒకటే. దిగే మనిషికి ముందు నీళ్లు తాగించండి, వాడు చాలన్నాక ఇంకొక్కసారి అనకండి. పోయినవాడు రేపు కూడా అక్కడే ఉంటాడు.

ఆ రోజు ఒడ్డున ఉన్నది వీరమ్మ, దాని మొగుడు కోటయ్య, గురవయ్య, నాగమణి, తాడు పట్టుకున్న జానీ, టైము చెప్పిన కానిస్టేబుల్, చేతిలో నిండు సీసాతో నేను, ముత్తమ్మను. నీళ్లలో ఉన్నది లింగయ్య, సైదులు.