మెదక్‌లో మైనస్ వాన

నాకు ముక్కు మీద కోపమని మా వాళ్ళంతా అంటారు. ఉన్నమాటే. ఆ కోపంతో నేను పోగొట్టుకున్నవి చాలానే ఉన్నాయి. ఒక్కసారి మాత్రం అది నిజంగా పనికొచ్చింది, ఆ సంగతి చెబుతాను.

డెబ్భైల నడుమ నేను మెదక్‌లో చర్చి వాళ్ళ ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్‌ని. ఒక ఎండాకాలం సెలవుల్లో లెక్కలు చెప్పేవాళ్ళకు హైదరాబాద్‌లో ఆరు వారాల కంప్యూటర్ శిక్షణ పెట్టారు. ఎవరు పెట్టారో పేరు చెప్పను. మా పెద్ద టీచరమ్మ నన్ను పంపింది. అక్కడ కంప్యూటర్ అంటే ఒక గది నిండా మిషన్. అది ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో మేము వరుసగా రాసిస్తే, అదే ప్రోగ్రాం. దాన్ని అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిచి మిషన్‌కు తినిపించేవాళ్ళు. అది లెక్క చేసి జవాబును పొడుగాటి కాగితం మీద అచ్చు కొట్టేది. రెండో వారానికల్లా నాకు దాని పిచ్చి పట్టింది. అన్నం తింటూ కూడా ప్రోగ్రాంలే రాసుకునేదాన్ని.

శిక్షణ అయిపోయాక ఒక షరతు పెట్టారు. ఎవరి ఊరికి వాళ్ళు పోయి, సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి పోస్టులో పంపాలి. అది నడిచి సరైన జవాబు వస్తేనే సర్టిఫికేట్. నాకు ఆ కాగితం చాలా అవసరం. పెద్ద టీచరమ్మ ముందే చెప్పేసింది.

"నువ్వు సర్టిఫికేట్ తెస్తెనే పిల్లలకు వారానికి ఒక గంట గీ పాఠం పెడుత. లేకుంటే కమిటీలున్నోళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతరు."

నేను వాన మీద రాశాను. మా బడి ఆవరణలో వాన కొలిచే డబ్బా ఒకటి ఉండేది. ఐదేళ్ళుగా మా పిల్లలే రోజూ కొలిచి నోటుబుక్కులో రాసిపెట్టారు. మిల్లీమీటరును పది భాగాలు చేసి, దశాంశ చుక్కల్లేకుండా పూర్తి అంకెలుగా ఆ ఐదేళ్ళ వానంతా కూడడం నా ప్రోగ్రాం పని. శిక్షణ చివరి రోజుల్లోనే దాన్ని ఆ మిషన్ మీద ఒకసారి నడిపి చూసుకున్నాను. చేత్తో కూడిన దానికీ దానికీ ఒక్క అంకె తేడా రాలేదు. అదే ప్రోగ్రాంను శుభ్రంగా తిరగరాసి పంపాను.

నెల తర్వాత కవరు వచ్చింది. లోపల నా అచ్చుకాగితం, దాని అడుగున ఐదేళ్ళ వాన మొత్తం. ముందు మైనస్ గుర్తు. పక్కన ఎర్ర సిరాతో ఆ కేంద్రం పెద్దసారు చేతిరాత: "మీ మెదక్‌లో వాన కింద నుంచి పైకి కురుస్తుందా?"

తల కొట్టేసినట్టయింది. ఆ శనివారమే బస్సెక్కాను.

మిషన్ గదిలోకి తొంగి చూస్తే అక్కడ పాతది లేదు. దానికంటే చిన్నది, కొత్తది ఒకటి మెరుస్తూ కూర్చుంది.

"మిషన్ మార్చినారా సార్?" అని అడిగాను.

"మార్చాం. అయితే ఏంటి?" అన్నాడు పెద్దసారు. "ప్రోగ్రాం రాసే భాష అదే కదమ్మా. ఏ మిషన్ మీదైనా ఈ భాష ఒక్కటే. అందుకే దాన్ని స్టాండర్డ్ అంటాం. తప్పు మీ ప్రోగ్రాంలోనే ఉంది."

"పాత మిషన్ మీద సక్కగ నడిచింది సార్."

"ఎవరు చూశారు?" అని సొరుగు తీసి ఒక కాగితం నా ముందు పెట్టాడు. అందులో వాక్యాలు ముందే టైపు కొట్టి ఉన్నాయి. నా ప్రోగ్రాంలో తప్పు నాదేనని, నా అవగాహన లోపమేనని, ఇంకొక అవకాశం ఇప్పించమని. అడుగున సంతకానికి చోటు. "అందరూ పెట్టారు. మీరూ పెట్టేస్తే మళ్ళీ పంపొచ్చు."

ఒళ్ళు మండిపోయింది. పెట్టి పారేస్తే పోయేది, ఎవరు చూడొచ్చారు అనుకునేవాళ్ళు ఉంటారు. నేను అనుకోలేకపోయాను. లెక్క తప్పితే తప్పిందని పిల్లల ముందు కూడా ఒప్పుకునే మనిషిని నేను. తప్పు లేని లెక్కను తప్పిందని ఎట్లా రాసిస్తాను?

"చెయ్యని తప్పుకు సంతకం పెట్ట సార్. నా తప్పు ఎక్కడున్నదో సూపియ్యుండ్రి, అప్పుడు పెడుత."

"చూపించే తీరిక ఇక్కడ ఎవరికీ లేదమ్మా," అని ఆయన లేచిపోయాడు.

మెదక్‌కు తిరిగొచ్చి వారం రోజులు ఆ ప్రోగ్రాంను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. మాకు మిషన్ లేదు కదా, ఇక పిల్లలనే మిషన్ చేశాను. మధ్యాహ్నం అన్నాల గంటలో ఎనిమిదో తరగతి పిల్లలను వరండాలో నిలబెట్టి, ఒక్కొక్కరికి ఒక పలక ఇచ్చాను. ఒక్కో పలక మిషన్‌లో అంకె దాచుకునే ఒక్కో డబ్బా. ఒక పిల్ల నా ప్రోగ్రాంలో వరుస చదువుతుంది, ఇంకో పిల్ల నోటుబుక్కులోంచి అంకె చెబుతుంది, మూడో పిల్ల తన పలక మీద మొత్తం కూడుతూ పోతుంది. మొత్తం కూడే పిల్ల చేతికి సగం విరిగిన పలక వచ్చింది. మూడు రోజులు ఆడుతూ పాడుతూ చేశారు. చివరికి వచ్చిన జవాబు ఎటూ కాకుండా ఉంది.

"ఏందే గిది?" అని గదమాయించాను.

"పలకల జాగ అయిపోయింది టీచర్," అంది ఆ పిల్ల బిక్కమొహం వేసి. "గందుకే ముంగటి అంకె తుడిచేసిన."

మిగతావాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పరుగున పోయి అచ్చుకాగితం తెచ్చి, సరైన మొత్తం నుంచి ఆ మైనస్ మొత్తాన్ని తీసేశాను. అరవై ఐదు వేల ఐదు వందల ముప్పై ఆరు వచ్చింది. పదహారు రెండ్లను వరుసగా గుణిస్తే వచ్చే అంకె అది. ఏదో ఒక అంకె కాదు, ఖచ్చితంగా అదే. మా పిల్ల చేసిన పనే కొత్త మిషన్ కూడా చేసింది. దాని డబ్బాలో సున్నానో ఒకటో పట్టే గళ్ళు పదహారే ఉన్నాయి. సగం చోటు మైనస్ అంకెలకు పోగా, ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాటితే అందులో పట్టదు, తిరగబడి మైనస్‌లోకి పోతుంది. పాత మిషన్ డబ్బా పెద్దది. భాష ఒకటే, డబ్బాలు వేరు. ఆ ముక్క ఎవరూ మాకు చెప్పలేదు. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. ఎందుకో దానికి అర్థం కాక ఇంకా భయపడింది.

మళ్ళీ బస్సు, మళ్ళీ పెద్దసారు. ఈసారి నా దగ్గర ఐదారు వరుసల ప్రోగ్రాం ఒకటే ఉంది. ఒకటి నుంచి వరుసగా అంకెలు కూడుతూ పోవడం, రెండు వందల యాభై ఐదు దగ్గర ఒకసారి, రెండు వందల యాభై ఆరు దగ్గర ఒకసారి జవాబు అచ్చు కొట్టడం. అంతే. ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ సందు లేదు. కార్డులు పొడిచేలోపు నేను గోడ మీది నల్లబల్ల దగ్గరికి పోయి సుద్దముక్క తీసుకున్నాను.

"రెండు వందల యాభై ఐదు దాకా కూడితే మీ మిషన్ 32640 అంటది. ఇంకొక్క అంకె కలిపితే, గదే 32640 మళ్ళ వస్తది, ముంగట మైనస్‌తోని. రాసి పెడుతున్న, సూడుండ్రి."

"మిషన్‌కు జోస్యం చెబుతున్నారా?" అని ఆయన నవ్వాడు. కార్డులు పొడిచే అమ్మాయిలిద్దరు పని ఆపి చూస్తున్నారు.

కాగితం బయటికి వచ్చింది. మొదటి వరుసలో 32640. రెండో వరుసలో అదే 32640, ముందు మైనస్.

ఆయన నల్లబల్లను చూశాడు, కాగితాన్ని చూశాడు. తర్వాత టీ తెప్పించాడు.

"మీ సర్టిఫికేట్ ఇప్పుడే రాసిస్తాను," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ సంగతి మాత్రం మన మధ్యే ఉండనివ్వండి. మిషన్ కొత్తది, పైవాళ్ళ కళ్ళు దీని మీదే ఉన్నాయి."

"మరి తప్పు మాదని సంతకం పెట్టినోళ్ళ సంగతేంది సార్?"

ఆయన కళ్ళు బల్ల మీది ఫైలు వైపు పోయాయి. నేను చెయ్యి చాపి దాన్ని తెరిచేశాను. మర్యాద కాదని నాకూ తెలుసు. ఆరేడు కాగితాలున్నాయి. పైన ఉన్నది కౌడిపల్లి సారుది. శిక్షణలో నా ముందు బెంచీలో కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి. మాలో వెనకబడ్డ వాళ్ళకు సాయంత్రాలు కూర్చోబెట్టి మళ్ళీ చెప్పింది ఆయనే. ఆయన పేరు కింద కూడా అదే వాక్యం, నా అవగాహన లోపమేనని. దానికి గుచ్చిన అచ్చుకాగితంలో ఆయన మొత్తం ముందు కూడా మైనస్ గుర్తే.

"సర్టిఫికేట్ మీ దగ్గర్నే పెట్టుకోండ్రి సార్," అని మిషన్‌లోంచి అచ్చుకాగితం చింపుకుని బయటపడ్డాను. ఆ సర్టిఫికేట్ నాకు ఇప్పటికీ రాలేదు. పెద్ద టీచరమ్మ రెండు రోజులు నన్ను తిట్టి, మూడో రోజు కమిటీ వాళ్ళతో తానే కొట్లాడి ఆ గంట ఇప్పించింది.

ఆ రోజు మాత్రం నేను నేరుగా మెదక్ పోలేదు. దారిలో కౌడిపల్లిలో దిగి బడికి పోయాను. సారు సోషల్ చెబుతున్నాడు. నన్ను చూసి బయటికి వచ్చాడు.

"లెక్కలు లేవా సార్ గీ గంట?" అని అడిగాను.

"లెక్కలు ఇడిసిపెట్టిన టీచరమ్మా," అన్నాడు చిన్నగా నవ్వి. "నేనే అడిగి ఇంకో సారుకు ఇప్పిచ్చిన. వయసైంది గద, తెల్వి మందగించింది. పిల్లలకు తప్పులు చెప్పుడెందుకు?"

అచ్చుకాగితం ఆయన చేతిలో పెట్టాను. ప్రోగ్రాంను ఒకసారి చదివాడు, అరచేతి మీద వేలితో ఏదో రాసుకున్నాడు, ముప్పై రెండు వేల ఆరు వందల నలభై అని పైకే అన్నాడు. అప్పుడు రెండో వరుస చూశాడు. నేను డబ్బా సంగతి చెబుతుంటే సగంలోనే ఆయనకు అంతా తెలిసిపోయింది. వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"అయితే నాది మంచిగనే ఉండె."

"మంచిగనే ఉండె సార్. మొదటి నుంచీ."

కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "మరి నేను సంతకం పెట్టిచ్చిన కాయితం?" అని అడిగాడు.

"గది వాపసు ఇయ్యరు సార్. ఇంకోటి రాద్దాం. తప్పు మిషన్‌ది అని, సంతకం పెట్టినోళ్ళందరి పేరున. పైవాళ్ళకే పంపుదాం."

ఆయన లేచి తరగతిలోకి పోయాడు. పిల్లలను సోషల్ పుస్తకాలు మూసి పలకలు తియ్యమన్నాడు. సుద్దముక్క అందుకుని, ఒకటి నుంచి రెండు వందల యాభై ఐదు దాకా కూడితే ఎంత అని అడిగాడు.